ఉద్యోగపు కాగితములో వింత ప్రశ్నలు



ఈ నెల మాకు అందిన ఉత్తరములలో ఒకటి కోనసీమలోని ఒక లంక గ్రామము నుండి వచ్చినది. వ్రాసిన సహోదరుడు కొబ్బరి దింపు పనిచేయువారు. వారి కుమారుడు ఇంజనీరింగు చదివాడు. కళాశాలకు వచ్చిన ఒక కంపెనీవారి లెక్కల పరీక్ష, ఇంగ్లీషు పరీక్ష రెండును గట్టెక్కాడు. తరువాత అతనిని కంప్యూటరు ముందు కూర్చుండబెట్టి నూరు ప్రశ్నలు అడిగారట. నలుగురిలో ఉండుట కంటె ఒంటరిగా ఉండుట నీకు ఇష్టమా? నీకు ఎన్నడును కోపము రాదా? స్నేహితుడు తప్పు చేస్తే పైవారికి చెప్పుదువా, చెప్పవా? ఆఖరున, నీవు ఒక చెట్టువైతే ఏ చెట్టువై యుందువు, ఎందుకు? మూడు దినముల తరువాత గోడకు అంటించిన జాబితాలో అతని పేరు లేదు.

ఆ తండ్రి మమ్మును రెండు సంగతులు అడిగారు. మొదటిది: "అయ్యగారూ, లెక్కలలో తప్పితే ఇంకా బాగా చదవరా అని చెప్పేవాడిని. స్వభావము పరీక్షలో తప్పాడంటే ఏమని చెప్పాలి? వాళ్లమ్మ రెండు పూటలు అన్నము ముట్టలేదు. మా పెంపకములో లోటు ఉన్నదా?" రెండవది: "ఈ ప్రశ్నలకు జవాబుల కాగితము ఇచ్చే కోచింగు సెంటరు ఒకటి ఉన్నదట. దానిని బట్టీపట్టి వ్రాస్తే అబద్ధమాడినట్లా?"

ఈ రెండు ప్రశ్నలు ఆ ఒక్క ఇంటివి కావు. రాజమండ్రిలోను, కాకినాడలోను, భీమవరములోను చదువుచున్న మన సంఘముల పిల్లలు నేడు ఏ ఉద్యోగమునకు పోయినను ఇటువంటి కాగితము ఒకటి ఎదురగుచున్నది. గనుక ఈ నెల ఈ సంగతినే తీసికొందము.

ఈ ప్రశ్నలు ఎక్కడివి?

ఉద్యోగము అడుగవచ్చినవానిని వింత ప్రశ్నలతో పరీక్షించుట నిన్న మొన్నటిది కాదు. విద్యుద్దీపముతో పేరు పొందిన ఎడిసన్ 1921 నాటికి తన కంపెనీలో చేరగోరువారికి సుమారు 150 ప్రశ్నల పత్రము ఇచ్చేవాడు. పట్టాలు పుచ్చుకొన్నవారు అనేకులు అందులో తప్పారు. ఆ ప్రశ్నలు పత్రికలకెక్కి పెద్ద చర్చ జరిగినది. ఆ సంవత్సరమే అమెరికాకు వెళ్లిన శాస్త్రవేత్త ఐన్‌స్టీన్‌ను ఆ పత్రములోని ప్రశ్న ఒకటి అడిగారు: శబ్దము ఎంత వేగముతో పోవును? పుస్తకములలో సులభముగా దొరకు సంగతులను తాను బుర్రలో మోసికొని తిరుగనని ఆయన జవాబిచ్చారు. అంతటివాడు కూడ ఆ పత్రములో మార్కులు పోగొట్టుకొనునేమో!

అయితే ఎడిసన్ అడిగినవి తెలివిని గూర్చిన ప్రశ్నలు. స్వభావమును గూర్చిన ప్రశ్నలు యుద్ధములో పుట్టినవి. 1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధములో దిగినప్పుడు, ఫిరంగుల మోతకు మనస్సు చెదరిపోవు సైనికులను ముందుగానే కనిపెట్టవలెనని వుడ్‌వర్త్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అవును, కాదు అని చెప్పదగిన 116 ప్రశ్నలు కూర్చాడు. అది సిద్ధమగునప్పటికి యుద్ధము ముగిసినది గాని, ఆ పద్ధతి నిలిచిపోయినది. తరువాత మిన్నెసోటా విశ్వవిద్యాలయములో ఇద్దరు పండితులు సుమారు 550 ప్రశ్నలతో ఇంకొక పరీక్ష తయారుచేసి 1943లో ప్రచురించారు. మానసిక రోగులు ఇచ్చిన జవాబులను, ఆసుపత్రికి వారిని చూడవచ్చిన బంధుమిత్రుల జవాబులతో పోల్చి దానిని కట్టారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఈ పరీక్షలలో పాతవి రోగమును కనిపెట్టుటకు పుట్టినవి. గుమాస్తాను ఎన్నుకొనుటకు పుట్టినవి కావు. ఆసుపత్రిలోని త్రాసును బజారులోనికి తెచ్చి బియ్యము తూచినట్లు, వాటిని తరువాత ఉద్యోగముల కొరకు వాడుకొన్నారు. ఆ మీదట ఉద్యోగముల కొరకే ప్రత్యేకముగా కట్టిన పరీక్షలు వచ్చినవి. వాటిలో కొన్నింటికి మంచి పరిశోధన ఆధారమున్నది. చెట్టు ప్రశ్న, జంతువు ప్రశ్న వంటివాటికి ఆపాటి ఆధారము కూడ లేదు.

మన పిల్లలకు ఎదురగునవి

మన డెల్టా పిల్లలకు ఎదురగు పరీక్షలు నాలుగు విధములు.

మొదటిది కంపెనీలవారి కంప్యూటరు పరీక్ష. ఒక వాక్యమిచ్చి, గట్టిగా ఒప్పుకొందువా, కొంత ఒప్పుకొందువా, ఒప్పుకొనవా అని అడుగుదురు. లేదా నాలుగు వాక్యములిచ్చి, వీటిలో నీకు మిక్కిలి సరిపోవునది ఏది, ఏమాత్రము సరిపోనిది ఏది అని అడుగుదురు.

రెండవది సైన్యములో అధికారుల ఎంపిక. సర్వీసెస్ సెలెక్షన్ బోర్డువారి పరీక్ష అయిదు దినములు సాగును. బెంగుళూరు, భోపాలు, ప్రయాగరాజ్ వంటి చోట్ల ఈ బోర్డులున్నవి. అందులో మనస్తత్వ పరీక్షకు ఒక దినము ఉన్నది. ఒక్కొక్కటి 15 సెకనులు చొప్పున 60 మాటలు చూపుదురు; ప్రతి మాటకు మనస్సులో తోచిన వాక్యము వ్రాయవలెను. 30 నిమిషములలో 60 సందర్భములకు నీవేమి చేయుదువో వ్రాయవలెను. 12 బొమ్మలు చూపి కథలు వ్రాయుమందురు. ఆఖరిది బొమ్మే లేని ఖాళీ తెర. చివర 15 నిమిషములలో నీ తలిదండ్రులు, నీ ఉపాధ్యాయులు, నీ స్నేహితులు నిన్ను గూర్చి ఏమనుకొందురు, నిన్ను గూర్చి నీవేమనుకొందువు అని వ్రాయవలెను. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకము క్రింద వాయుసేనకు దరఖాస్తు పెట్టు అగ్నివీరులకు కూడ ఎడాప్టబిలిటీ టెస్ట్ అను పరీక్ష ఉన్నది. క్రొత్త చోట, క్రొత్త మనుష్యులతో, కఠిన నియమములలో ఇమడగలడా అని చూచుటయే దాని ఉద్దేశము.

మూడవది సివిల్ సర్వీసుల వంటి పెద్ద ఉద్యోగముల ఇంటర్వ్యూ. కేంద్ర కమిషనువారు దానిని ఇంటర్వ్యూ అని ఊరుకొనక పర్సనాలిటీ టెస్ట్ అనియే పిలుచుదురు. దానికి 275 మార్కులు. దరఖాస్తులో అభిరుచులు అను గడి ఉండును. ఆ గడిలో వ్రాసిన ఒక్క మాట మీద చాలసేపు ప్రశ్నలు సాగవచ్చును.

నాలుగవది ఎదుటివాడు తోచినట్లు అడుగు చమత్కారపు ప్రశ్న. ఈ పెన్ను నాకు అమ్మి చూపు. రోడ్డు మీద మురుగుకాలువ మూత గుండ్రముగా ఎందుకున్నది. నీవు ఏ చెట్టువు. ఈ చెట్టు ప్రశ్న 1981లో అమెరికా టెలివిజనులో బార్బరా వాల్టర్స్ అను విలేఖరి కాథరిన్ హెప్‌బర్న్ అను నటిని అడిగినది. నిజానికి, నేను చెట్టువంటిదానను అని ముందు అన్నది ఆ నటియే. ఏ చెట్టు అని ఈమె అడిగినది, అంతే. ఆ తరువాత జీవితాంతము ఆమెను ఆ ప్రశ్న చెప్పి నవ్వారు.

రైల్వేలో అసిస్టెంటు లోకో పైలట్ ఉద్యోగమునకు సైకో టెస్ట్ అని మన పిల్లలు భయపడునది మాత్రము ఈ కోవలోనిది కాదు. అది జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, దూరపు అంచనా, గమనించు వేగము మొదలైనవాటిని కొలుచును గాని మంచితనమును కొలువదు. అందులో ఒక్కొక్క భాగములోను కనీసము 42 స్కోరు రావలెను. దానికి సాధన చేయుటలో ఏ సంకోచమును అక్కరలేదు.

అబద్ధము ఎట్లు దొరకును?

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వచ్చెదము. బట్టీపట్టిన జవాబు వ్రాయవచ్చునా?

తప్పా ఒప్పా అని అడుగుటకు ముందు, అది పనిచేయునా అని చూతము. ఆ మిన్నెసోటా పరీక్షలో 15 ప్రశ్నలు ప్రత్యేకముగా అబద్ధమును పట్టుటకే ఉంచారు. అవి చిన్న చిన్న బలహీనతలను గూర్చినవి. అప్పుడప్పుడు కోపము వచ్చునా, ఈనాటి పనిని రేపటికి వాయిదా వేసినది కలదా, ఇటువంటివి. భూమి మీద నడుచు ప్రతి మనిషికి ఇవి కొన్నయినను ఉండును. అన్నింటికి 'నాలో లేదు' అని వ్రాసినవాడు దేవదూత అని పరీక్షకుడు అనుకొనడు. వీడు తన్ను తాను మెరుగుపెట్టుకొనుచున్నాడు అనుకొనును. అప్పుడు మిగిలిన జవాబుల విలువ కూడ తగ్గిపోవును. తరువాత వచ్చిన అనేక పరీక్షలు ఈ ఉపాయమునే వాడుచున్నవి. కొన్ని ఒకే సంగతిని పదవ ప్రశ్నగా ఒక రీతిని, డెబ్బదవ ప్రశ్నగా ఇంకొక రీతిని అడుగును. బట్టీపట్టినవాడు అక్కడ జారును. ఉన్నది వ్రాసినవానికి రెండు చోట్ల ఒకే జవాబు వచ్చును.

సైన్యపు ఎంపికలో ఇంకొక కట్టుదిట్టమున్నది. కాగితము చదువు మనస్తత్వ నిపుణుడు వేరు, ముఖాముఖి మాట్లాడు అధికారి వేరు, మైదానములో గుంపుతో పనిచేయించి చూచు అధికారి వేరు. ముగ్గురును వేర్వేరుగా అంచనా వేసి, ఆఖరి దినమున సమావేశములో పోల్చి చూచుకొందురు. కాగితము మీద నాయకుడనని వ్రాసినవాడు, దుంగను గుంట దాటించునప్పుడు వెనుక నిలబడితే, కాగితము అతని మీదనే సాక్ష్యము చెప్పును.

మాకు ఈ సంగతిలో ఒక ఆశ్చర్యము కలుగుచున్నది. ప్రతి ఆదివారము మనమందరము లేచి నిలిచి, మాలో తప్పులున్నవని దేవుని యెదుట ఒప్పుకొనుచున్నాము. ఆరేడేండ్ల పిల్లలు కూడ ఆ ప్రార్థన పెద్దలతో పాటు చెప్పుచున్నారు. అయితే సోమవారము ఉద్యోగపు కాగితము ముందు కూర్చున్నప్పుడు, నాకు ఎన్నడును కోపము రాదు, నేను ఎన్నడును పని వాయిదా వేయను అని వ్రాయుచున్నాము. ఒప్పుకొనుట అలవాటున్న మన పిల్లలకు ఈ 15 ప్రశ్నలు అందరికంటె సులువు కావలెను.

అలంకారము వేరు, వేషము వేరు

అది పనిచేయునా అన్నది అట్లుండగా, తప్పా అన్నది ఇంకను మిగిలియున్నది. ఒకవేళ దొరకకుండ అబద్ధము వ్రాయగలిగితే?

ఇంటర్వ్యూకు పోవునప్పుడు చొక్కా ఇస్త్రీ చేసికొనుట అబద్ధము కాదు. తల దువ్వుకొనుట అబద్ధము కాదు. నాలో ఉన్న పది గుణములలో ఆ పనికి పనికివచ్చు మూడింటిని ముందు చెప్పుట కూడ అబద్ధము కాదు. జవాబు ఇంగ్లీషులో ఎట్లు చెప్పవలెనో ముందుగా అనుకొని, అద్దము ముందు నిలిచి పలుకుట మంచి సాధన. వీటి కొరకు కోచింగు సెంటరుకు పోయినను దోషము లేదు. అయితే లేని అనుభవమును ఉన్నట్లు చెప్పుట, ఇతరుని కథను నా కథగా చెప్పుట, నేను కాని మనిషిని చూపి ఉద్యోగము పుచ్చుకొనుట, ఇవి వేషము వేయుట. బట్టీపట్టిన జవాబుల కాగితము ఇచ్చునది ఈ వేషమునే.

ఆదికాండములో యాకోబును నీవెవరవు అని రెండుమార్లు అడుగుట మీకు జ్ఞాపకమే. మొదటిమారు గుడ్డివాడైన తండ్రి అడిగాడు. యాకోబు అన్న బట్టలు కట్టి, చేతులకు మేకపిల్లల తోలు కప్పుకొని, అన్న పేరు చెప్పాడు. కోరినది దొరికినది గాని, దానితో ఇంటిలో ఉండలేకపోయాడు. ఇరువది యేండ్లు పరదేశములో గడిపాడు. రెండవమారు యబ్బోకు రేవు దగ్గర, రాత్రివేళ, నీ పేరేమి అని అడుగగా, తన పేరే చెప్పాడు. అది గొప్పగా చెప్పుకొనదగిన పేరు కాదు. మోసముతో ముడిపడిన పేరు. ఆ పేరు ఒప్పుకొన్న తరువాతనే అతనికి క్రొత్త పేరు వచ్చినది.

వేషముతో వచ్చిన ఉద్యోగములో ఆ వేషము ప్రతి దినము వేయవలెను. నలుగురితో మాట్లాడుట ఇష్టము లేని పిల్లవాడు, మాట్లాడుటయే నాకు ప్రాణమని వ్రాసి అమ్మకాల ఉద్యోగములో చేరితే, హైదరాబాదులో ఒంటరి గదిలో ఆరు నెలలు ఏడ్చి తిరిగి వచ్చును. ఆ పరీక్ష అతనిని ఆపియుంటే అతనికి మేలే చేసియుండును.

ఏమి వ్రాయవలెను?

యౌవనస్థులారా, ఇప్పుడు మీకు కొన్ని మాటలు.

అభిరుచులు అను గడిలో మన పిల్లలందరు పాటలు వినుట, నవలలు చదువుట, క్రికెట్టు అనియే వ్రాయుచున్నారు. ఆఖరుగా చదివిన నవల ఏది అని అడిగితే నోట మాట లేదు. నరసాపురము దగ్గర తల్లితో కలిసి లేసు అల్లు ఆడపిల్లకు అది అభిరుచి అని తోచదు. అది ఇంటి పని అనుకొనును. అయితే నమూనా చూచి లెక్క తప్పకుండ కుట్లు వేయుట, తప్పిన వరుసను విప్పి మరల అల్లుట, గడువులోపల సరుకు అప్పగించుట, ఇవి ఏ కంపెనీవాడైనను వెదకు గుణములు. దానిని గూర్చి ఆమె అరగంట మాట్లాడగలదు. ఆ గడిలో వ్రాయవలసినది అదియే.

బాధ్యత వహించిన సందర్భము చెప్పుమంటే కళాశాల వార్షికోత్సవము కథ అల్లనక్కరలేదు. రాత్రిపూట రొయ్యల చెరువు మీద కాపలా ఉండి, కరెంటు పోగానే జనరేటరు వేసి ఏరియేటర్లు ఆగకుండ చూచినవాడు మనలో ఉన్నాడు. పది నిమిషములు నిద్రపోతే యజమాని పంట అంతయు పోవునని అతనికి తెలియును. 2022 జూలై వరదలలో లంకల నుండి ముసలివారిని పడవలెక్కించినవారు ఉన్నారు. ఆదివారపు బడిలో ముప్పదిమంది అల్లరి పిల్లలను గంటసేపు కూర్చుండబెట్టినవారు ఉన్నారు. చెప్పునప్పుడు నాలుగు సంగతులు వరుసగా చెప్పండి: ఏమి జరిగినది, నా వంతు పని ఏమి, నేనేమి చేశాను, చివరకు ఏమైనది. చాలును.

మీ బలహీనత ఏమి అని అడిగితే, నేను మరీ ఎక్కువ కష్టపడుదును అని తెలివిగా చెప్పకండి. ఆ జవాబు విని విని వారి చెవులు గట్టిపడినవి. ఒక నిజమైన చిన్న బలహీనత చెప్పి, దానికి మీరు చేయుచున్న చికిత్స చెప్పండి. ఇంగ్లీషులో మాట్లాడుటకు జంకుదును. అందుచేత ప్రతి సాయంత్రము స్నేహితునితో పావుగంట ఇంగ్లీషులోనే మాట్లాడుచున్నాను అని చెప్పిన పిల్లవానిని ఎవరు తప్పుపట్టుదురు?

చెట్టు ప్రశ్నకు సరియైన చెట్టు లేదు. మర్రిచెట్టు గొప్పది, తుమ్మచెట్టు తక్కువది అని వారు మార్కులు వేయరు. మీరు తడబడకుండ ఆలోచించగలరా, ఆలోచించినది చెప్పగలరా అని చూచుదురు. పదవ తరగతి వరకు తెలుగులో చదివి తరువాత ఇంగ్లీషులో పడిన పిల్లవాడు, నేను కోరంగిలోని మడచెట్టును. అది ఉప్పునీటికి మంచినీటికి నడుమ వేరూని బ్రదుకును, నేనును రెండు భాషల నడుమ అట్లే వేరూనుకొన్నాను అని చెప్పవచ్చును. ఆ జవాబు మంచిది; అది అతనిది గనుక మంచిది. మీరు దానిని కాపీ కొట్టితే అది మంచిది కాదు.

కంప్యూటరులో ఒప్పుకొందువా లేదా అను ప్రశ్నలకు ఎక్కువ ఆలోచింపక, మామూలు దినమున నేను ఎట్లుందునో అట్లు గుర్తుపెట్టండి. పండుగనాటి నన్ను కాదు, జ్వరమునాటి నన్ను కాదు. ప్రతిదానికి మధ్య గడి నింపుచు పోకండి. అభిప్రాయము లేనివాడని అనుకొందురు.

ఏమి వ్రాయనక్కరలేదు?

ఉద్యోగమిచ్చువానికి అన్ని సంగతులు అడుగు అధికారము లేదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున టార్గెట్ అను పెద్ద దుకాణములవారు కాపలా ఉద్యోగమునకు వచ్చినవారికి 704 ప్రశ్నల పరీక్ష పెట్టేవారు. దుకాణములో దొంగలను పట్టవలసినవానిని, నిజమైన మతము ఒక్కటే అని నమ్ముదువా, క్రీస్తు రెండవ రాకడను నమ్ముదువా, నరకము కలదని నమ్ముదువా అని కూడ అడిగారు. లైంగిక విషయములు కూడ అడిగారు. సోరోకా అను అభ్యర్థి, మరికొందరు న్యాయస్థానమునకు వెళ్లారు. ఇట్టి ప్రశ్నలు మనిషి అంతరంగములోనికి అన్యాయముగా చొరబడుట అని 1991లో అక్కడి అప్పీలు న్యాయస్థానము చెప్పినది. 1993లో ఆ కంపెనీ రాజీపడినది. విశ్వాసము గలవానికిని, లేనివానికిని ఆ తీర్పు సమానముగా మేలుచేయునది. విశ్వాసమును అడిగి ఉద్యోగమిచ్చుట, విశ్వాసమును అడిగి ఉద్యోగము తీసివేయుట ఒకే నాణెమునకు రెండు వైపులు.

మన దేశములో ప్రభుత్వ ఉద్యోగముల విషయమై రాజ్యాంగము 16వ అధికరణము మతము, జాతి, కులము, లింగము, వంశము, పుట్టిన చోటు, నివాసము వీటిని బట్టి మాత్రమే వివక్ష చూపరాదని నిషేధించినది. ప్రైవేటు కంపెనీల విషయములో అంత గట్టి రక్షణ లేదు. అయినను ఆడపిల్లలను, పెండ్లి ఎప్పుడు, పిల్లలు ఎప్పుడు అని అడిగితే, ఈ ఉద్యోగపు పనివేళలకు నేను రాగలను అని మర్యాదగా జవాబిచ్చి ఊరుకొనవచ్చును. అడిగినదానికంతటికి లోపలి సంగతి విప్పి చెప్పనక్కరలేదు. చెప్పకుండుట వేరు, అబద్ధము చెప్పుట వేరు.

ఇక మతము, కులము అను గడి ఉన్నది. అది వింత ప్రశ్న కాదు. చట్టముతో ముడిపడిన గడి. దానిని ఈ ప్రశ్నలతో కలుపకండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులముల హోదా హిందువులకు, తరువాతి సవరణలతో సిక్కులకు, బౌద్ధులకు ఉన్నది. షెడ్యూల్డు కులముల నుండి క్రైస్తవులైనవారు, వారి సంతానము మన రాష్ట్రములో బి.సి. సి వర్గములోనికి వచ్చుదురు. దానికి ఒక శాతము రిజర్వేషను. ఇందులోని న్యాయాన్యాయములను గూర్చి పెద్దలు పోరాడుచున్నారు; ఆ పోరాటము వేరు. అయితే కులధ్రువీకరణ పత్రములను గూర్చి 1993 నాటి చట్టమొకటి మన రాష్ట్రములో ఉన్నది. తప్పు పత్రముతో వచ్చిన ఉద్యోగము ఏండ్లు గడచిన తరువాత కూడ పోవచ్చును, శిక్షయు పడవచ్చును. ఆ గడి నింపుటకు ముందు చట్టము తెలిసినవారిని అడుగండి; పుకార్లను బట్టి నింపకండి.

ఇంకొక హెచ్చరిక. వ్యక్తిత్వ పరీక్షకు ఫీజు కట్టుము, ఆధార్ నంబరు పంపుము, ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పుము అని ఎవరైనను అడిగితే అది ఉద్యోగము కాదు, వల. ఇంటిలో చదువుకొన్నవారు లేని తలిదండ్రులు ముఖ్యముగా ఇది గుర్తుంచుకొనవలెను.

పెంపకములో లోటు ఉన్నదా?

ఇప్పుడు ఆ తండ్రి అడిగిన మొదటి ప్రశ్న. దీనికి మా జవాబు: ఆ జాబితాను బట్టి మీ పెంపకమును తూచకండి.

ఈ పరీక్షల బలమెంతో పరిశోధకులే చెప్పియున్నారు. 1991లో బారిక్, మౌంట్ అను ఇద్దరు, అప్పటివరకు జరిగిన అనేక పరిశోధనలను కూడి చూచి, శ్రద్ధ, క్రమము, మాట నిలుపుకొనుట అను గుణము దాదాపు అన్ని ఉద్యోగములలోను మంచి పనితనముతో సంబంధము కలదని కనుగొన్నారు. సంబంధమున్నది గాని అది పెద్దది కాదు. 1998లో ష్మిట్, హంటర్ అను ఇద్దరు 85 సంవత్సరముల పరిశోధనను పరిశీలించగా, ఆ పనిలోని ఒక భాగమును చేయించి చూచుట, అందరిని ఒకే ప్రశ్నలు క్రమముగా అడుగుట ఇంతకంటె మేలైన కొలతలని తేలినది. ఇక చమత్కారపు ప్రశ్నలను గూర్చి, వాటికి పేరుపడిన గూగుల్ కంపెనీలోనే ఉద్యోగ నియామకముల పెద్ద అయిన లాస్లో బాక్, 2013లో అవి కాలము వృథా చేయుటయే అని బాహాటముగా చెప్పాడు. అడుగువాడు తాను తెలివిగలవాడనని సంతోషించుటకు తప్ప అవి వేరొకదానికి పనికిరావని ఆయన అభిప్రాయము.

న్యాయాధిపతుల గ్రంథములో గిద్యోను సైన్యమును ఎన్నుకొనిన రీతి చూడండి. 32,000 మంది వచ్చారు. భయపడిన 22,000 మంది వెళ్లిపోయారు. మిగిలిన 10,000 మందికి నీళ్లు త్రాగుటయే పరీక్ష. అంతకంటె వింత పరీక్ష ఉన్నదా? తమ్మును చూచుచున్నారని వారికి తెలియదు. 300 మంది నిలిచారు. 9,700 మంది తమ గుడారములకు పంపబడ్డారు. ఆ 9,700 మంది చెడ్డవారని గాని, పిరికివారని గాని అక్కడ ఒక్క మాట లేదు. పిరికివారు అంతకుముందే వెళ్లిపోయారు గదా! ఆ రాత్రి పనికి ఆ 300 మంది చాలునని మాత్రమే దాని అర్థము. శత్రువులు పారిపోవునప్పుడు తరుముటకు ఇశ్రాయేలీయులు ఆయా గోత్రముల నుండి మరల పిలువబడ్డారు.

ఉద్యోగపు జాబితా కూడ అంతే. ఈ పనికి, ఈ దినమున, ఈ కంపెనీకి కావలసినవారు వీరు అని అది చెప్పును. నీవెవరవో అది చెప్పదు. నూరు ప్రశ్నలకు అరగంటలో నొక్కిన మీటలు, ఇరువది రెండేండ్లు మీరు కన్నులారా చూచిన మీ బిడ్డను మీకంటె ఎక్కువ ఎరిగియుండవు. తండ్రి చెట్టెక్కి దిగినప్పుడు నీళ్లు అందించిన బిడ్డ, ఫీజు కొరకు తల్లి పుస్తె తాకట్టుపెట్టినది మరువని బిడ్డ, అతని స్వభావము మీకు తెలియును. అది ఆ కంప్యూటరుకు తెలియదు.

గనుక ఆ ఇంటి తల్లి భోజనము చేయవలెనని మా మనవి. తలిదండ్రులు అన్నము మానితే, నేను తప్పినవాడను అను మాట బిడ్డ మనస్సులో మేకువలె దిగిపోవును. జాబితాలో పేరు లేకపోవుట కంటె, ఇంటికి వచ్చినప్పుడు ఎదురగు మౌనము పిల్లలను ఎక్కువ క్రుంగదీయును. ఆ సాయంత్రము బిడ్డతో కలిసి కూర్చుండి, ఏ ప్రశ్నలు అడిగారు, నీవేమి చెప్పావు అని నెమ్మదిగా అడుగండి. నవ్వదగినవాటికి కలిసి నవ్వండి. నీవు ఏ చెట్టువని చెప్పావురా అని అడిగి చూడండి. మీకు తెలియని మాట ఒకటి మీ బిడ్డ నోట వినవచ్చును.

సంఘపెద్దలకు కూడ ఒక మాట. శనివారపు యౌవనుల కూడికలో నెలకొకసారి ఒక గంట దీనికి కేటాయించండి. ఉద్యోగములలో ఉన్న మన సంఘస్థులు సెలవులకు ఊరికి వచ్చినప్పుడు వారిని పిలిచి, మన పిల్లలను నలుగురి ముందు ఈ ప్రశ్నలు అడిగించండి. మొదట తడబడుదురు, మూడవ నెలకు తల ఎత్తి మాట్లాడుదురు. దీనికి డబ్బు ఖర్చు లేదు. బట్టీ కాగితము కొనవలసిన అవసరమును ఉండదు. ఎందుకంటే తమ మాట తమకే దొరకును.

వచ్చే నెల మరియొక ఉత్తరముతో కలిసికొందము. అంతవరకు సెలవు.